అరవంలో చెప్పిన మాట

పుష్పవల్లి ఆ మాట చెప్పింది అక్టోబరులో ఒక గురువారం పొద్దున, పెరియమేడు స్టేడియం బయట, నిమ్మరసం బండి దగ్గర. చెప్పింది ఆనందన్ అనే కోచ్‌తో. మొత్తం ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆమె చెప్పడం కాగానే ఆనందన్ గ్లాసులో సగం రసం వదిలేసి గబగబా లోపలికి వెళ్ళిపోయాడు. పుష్పవల్లి మాత్రం తన గ్లాసు ఖాళీ చేసి, చీర చెంగుతో మూతి తుడుచుకుని, కూతురి దగ్గరికి నడిచింది.

ఆ క్షణంలో ఆమెకు గుండె దడ కూడా రాలేదు. తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆమెకు అన్నిటికంటే భయం వేసింది దానికే.

పుష్పవల్లి వాళ్ళది పురసవాక్కం. భర్త తిరువేంగడానికి జాకెట్టు గుడ్డలు, లైనింగు, చీరలకు వేసే ఫాల్సు అమ్మే చిన్న అంగడి ఉంది. తాతల కాలం నించి మద్రాసులోనే ఉన్న కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఒక్కతే కూతురు జనని, దగ్గర్లోనే సిస్టర్లు నడిపే కాన్వెంటులో పదకొండో తరగతి చదువుతోంది. నాలుగువందల మీటర్లు పరిగెత్తుతుంది. కూతురు పరిగెత్తుతుందని ఆ అంగడికొచ్చే ఆడవాళ్ళందరికీ తెలుసు. పుష్పవల్లి చెప్పకుండా ఎవర్నీ పంపేది కాదు.

అదే స్కూల్లో, అదే తరగతిలో సంయుక్త ఉంది. ఆ పిల్లది ఊరికి ఉత్తరాన ఉన్న మనలి. నాన్న ఒకప్పుడు అక్కడి ఫ్యాక్టరీల్లో పైపుల పని చేసేవాడు. ఇప్పుడు నడుం దెబ్బ తిని ఇంట్లోనే ఉంటాడు. అమ్మ మునియక్క ఒక కంపెనీ క్యాంటీన్లో వంట పని. స్కూలు పీటీ మాస్టరు కాళిముత్తు ఎక్కడో చిన్న పోటీలో సంయుక్త పరుగు చూసి, హెడ్ మిస్ట్రెస్ సిస్టర్ ఆరోగ్య మేరీతో మాట్లాడి, తొమ్మిదో తరగతిలో ఫీజు లేని సీటు ఇప్పించాడు. అప్పటినించి నాలుగువందల మీటర్లలో మొదట సంయుక్త, వెనక జనని.

ప్రాక్టీసు పొద్దున ఐదున్నరకి. పిల్లలు ట్రాక్ మీద ఉంటే తల్లులు మెట్ల మీద కూర్చునేవాళ్ళు. రెండేళ్ళ కిందట అట్లా కూర్చున్నప్పుడే, ఫోన్లో ఎవరితోనో పుష్పవల్లి తెలుగు మాట్లాడటం విని మునియక్క పక్కకి జరిగి వచ్చింది.

"మీరూ మనోళ్ళేనా? నాకు తెలీకపాయనే! ఇన్నాళ్ళూ ఈడ నోరు మూసుకోని కూసోనుండా."

ఆ రోజు నించి ఇద్దరిదీ ఒకే మెట్టు. ఒకరి డబ్బాలో ఉప్మా, ఇంకొకరి డబ్బాలో రాగి దోసె. పుష్పవల్లి ఆమెను "అక్కా" అని పిలిచేది. మునియక్క "పుష్పమ్మా" అనేది. చుట్టూ ఉన్న తల్లులకి వీళ్ళ మాటలు అర్థమయ్యేవి కావు. అందుకే ఇద్దరూ ఏ సంగతైనా గొంతు తగ్గించకుండానే మాట్లాడుకునేవాళ్ళు.

ఆగస్టులో ఒకనాడు వాన పడి ప్రాక్టీసు ఆగిపోయింది. పిల్లలు షెడ్డు కింద గెంతుతున్నారు. సంయుక్త తక్కిన పిల్లలకంటే తలెత్తు ఎక్కువగా కనబడుతోంది. పుష్పవల్లి ఊరికే అంది, "సంయు బాగా పొడుగైంది కదా అక్కా, ఈ యేడు."

మునియక్క కాసేపు వానకేసి చూసింది. తర్వాత చెప్పింది.

"దాని వయసు కాగితంలో ఉన్నంత కాదు పుష్పమ్మా. ఏడాదిన్నర ఎక్కువ. దానికి అయిదేండ్లప్పుడు వాళ్ళ నాయన పైనించి పడిపాయ. రెండేండ్లు నేను ఆస్పత్రికీ ఇంటికీ తిరగతానే ఉన్నా. బిడ్డని మా ఆడబిడ్డ కమలాంబ పెంచింది. ఇస్కూలు లేదు, ఏమీ లేదు. తర్వాత చేర్చను పోతే, ఒకటో తరగతికి వయసు మించిందన్నారు. అర్జీలు రాసే ఆయన ఒకడు, తేదీ మార్చి రాసిస్తే సరిపోతాదన్యాడు. రాయించినా. పుట్టింది గుమ్మిడిపూండి ఆస్పత్రిలో. ఆడ అసలు తేదీ ఉండనే ఉంటాది."

"అయ్యో. మరి ఈ పోటీలు?"

"అప్పుడు ఇది పరిగెత్తతాదని నాకేం తెలుసు? ఒకటో తరగతి కోసం చేసింది. ఇప్పుడు విప్పితే అంతా పోతాది. మా మొగుడూపెళ్ళాలకీ కమలాంబకీ తప్ప ఎవురికీ తెలీదు. నీకెందుకో చెప్పాలనిపించింది. ఈడ మన మాట ఎవురికి తెలస్తాది, అందుకే పైకి చెప్పగలిగినా."

పుష్పవల్లి ఆమె చెయ్యి నొక్కింది. "నా కడుపులోనే ఉంటుంది అక్కా" అంది. అప్పుడు ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

అక్టోబరులో జిల్లా పోటీలు వచ్చాయి. పదిహేడేళ్ళ లోపు ఆడపిల్లల విభాగం. గురువారం తొలి రౌండ్లు, శుక్రవారం ఫైనల్. ఫైనల్లో మొదటి ఇద్దరు మాత్రమే రాష్ట్ర పోటీకి వెళ్తారు. తొలి రౌండ్లలో సంయుక్త అందరికంటే ముందు. రెండో స్థానం ఆనందన్ దగ్గర తర్ఫీదయ్యే వేరే స్కూలు పిల్లది. జనని మూడు. తేడా కంటి రెప్పపాటు.

జనని చెంపలు ఎర్రబడి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒగరుస్తోంది. కాళిముత్తు మాస్టరు దాని భుజం తట్టి, "పరవాయిల్ల, రేపు కాకపోతే వచ్చే ఏడు ఉంది కదా" అన్నాడు. ఆయన ఓదార్చడానికే అన్నాడు. పుష్పవల్లికి మాత్రం అది తీర్పులా వినపడింది. వచ్చే ఏడు పన్నెండో తరగతి, పబ్లిక్ పరీక్షలు. రాష్ట్ర స్థాయి సర్టిఫికెట్టు లేకపోతే కాలేజీలో క్రీడల కోటా ఊసే ఉండదు. ఆమె మెట్లు దిగి బయటికి వచ్చింది. నిమ్మరసం బండి దగ్గర ఆనందన్ ఉన్నాడు.

"మీ సంయుక్త దూసుకుపోతోందండీ" అన్నాడు అతను అరవంలో, నవ్వుతూనే. "పదహారేళ్ళ పిల్లకి అడుగు అంత దూరం పడటం నేను చూడలేదు."

"పదహారని ఎవరన్నారు?" అంది పుష్పవల్లి.

నోట్లోంచి అరవంలోనే వచ్చింది. అక్కడ ఆగిపోవచ్చు. ఊరికే అన్నానని నవ్వేయొచ్చు.

"కాగితం అంటోంది కదా."

"ఆ కాగితం ఒకటో తరగతిలో చేరేటప్పుడు రాయించుకున్నది."

ఆనందన్ నవ్వు తగ్గింది. "అయితే పుట్టింది ఎక్కడ?"

"గుమ్మిడిపూండి ఆస్పత్రిలో" అంది ఆమె.

ఆ సాయంత్రమే అభ్యంతరం దాఖలైంది. శుక్రవారం ఫైనల్లో సంయుక్తను పరిగెత్తనిచ్చారు, ఫలితం మాత్రం ఆపి ఉంచారు. సంయుక్త మొదట వచ్చింది, ఆనందన్ దగ్గరి పిల్ల రెండు, జనని మూడు. సోమవారం సంయుక్తకి మణికట్టు ఎక్స్‌రే తీయించారు. ఎముకలు చూసి వయసు అంచనా వేస్తారట. పోటీల కమిటీ వాళ్ళు మునియక్కని పిలిచి అడిగితే ఆమె దాచలేదు. పైపు మీదినించి మొగుడు పడ్డ రోజు నించి మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. పది రోజుల తర్వాత తీర్పు వచ్చింది. సంయుక్త పేరు కొట్టేశారు, ఏడాది పాటు ఏ పోటీలోనూ పాల్గొనకూడదన్నారు. జనని రెండో స్థానానికి ఎక్కింది. రాష్ట్ర పోటీకి అర్హత వచ్చింది.

కాళిముత్తు మాస్టరు ఫోన్ చేసి చెప్పినప్పుడు పుష్పవల్లి వంటింట్లో ఉంది. జనని ఆ మాట విని ఎగరలేదు. "సంయు ఎట్లా ఉందో" అంటూ ఫోను తీసుకుని గదిలోకి పోయి తలుపేసుకుంది. తిరువేంగడం మాత్రం అంగడి నించి స్వీటు డబ్బాతో వచ్చాడు. పుష్పవల్లి ఒక ముక్క నోట్లో వేసుకుంది. మింగింది కూడా.

కంప్లయింటు రాసింది నేను కాదు కదా, అని తనకి తాను చెప్పుకుంది. నేను చెప్పింది అబద్ధం కాదు కదా. రూలు రూలే కదా. మూడు మాటలూ నిజమే. మూడూ కలిపినా ఆమెకు ఆ రాత్రి కునుకు పట్టలేదు.

వారం తర్వాత మునియక్క ఇంటికొచ్చింది. అంతకు ముందు ఎప్పుడూ ఆమె ఇంటికి రాలేదు. గుమ్మంలో చెప్పులు విప్పి, సోఫా ఉన్నా కింద గోడకి ఆనుకుని కూర్చుంది.

"తప్పు నాదే, నేను ఒప్పుకుంటా" అంది. "రాయించింది నేను. దానికి పడాల్సిన శిక్ష పడింది. కానీ చెప్పిందెవురో తెలిసిపాయ పుష్పమ్మా."

పుష్పవల్లి చేతిలో కాఫీ లోటా ఉంది. ఒలకలేదు.

"ఎవరక్కా?"

"ఇంకెవురు? కమలాంబే. బయట ఆమెకి తప్ప ఎవురికీ తెలీదే. నీకు చెప్పింది రెండు నెలల ముందు, నువ్వు చెప్పేదానివైతే అప్పుడే చెప్పిందువు. అయినా నీ బిడ్డా నా బిడ్డా ఒక ఇస్కూలు. ఆమె కొడుకు పదిలో తప్పినాడు, నా బిడ్డ పేరు పేపర్లో వస్తా ఉండాది. కడుపుమంట. మొన్న ఇంటికొస్తే గడప ఎక్కొద్దన్యా. ఈదిలో నిలబెట్టి అడిగినా. ఏడ్చింది, ఒట్టేసింది. నేను నమ్మలా."

పుష్పవల్లి చెప్పాల్సిన చోటు అదే. లోటా కింద పెట్టి, అక్కా నేనే, అంటే సరిపోయేది. ఆమె పెదవులు కదిలాయి. వచ్చిన మాట వేరే.

"ఆమెనా?" అంది.

అంతే. ఆ ఒక్క మాటలో ఆశ్చర్యమూ ఉంది, సానుభూతీ ఉంది. మునియక్క తల ఊపుతూ కళ్ళు తుడుచుకుంది. వెళ్ళేటప్పుడు పుష్పవల్లి భుజం మీద చెయ్యి వేసి, "నీకు తప్ప ఎవురికి చెప్పుకుంటా" అని పోయింది.

ఆనందన్‌తో అన్న మాట నోరుజారి వచ్చిందని తనని తాను నమ్మించుకోగలిగింది పుష్పవల్లి. ఈ రెండోది మాత్రం తెలిసి తెలిసి చేసిందే.

డిసెంబరు దాకా జనని ప్రాక్టీసు ఆగలేదు. ఆగుతుందనుకున్నది సంయుక్త రాక. కానీ ఆ పిల్ల మనలి నించి చీకటితోనే బస్సెక్కి, పోటీ లేకపోయినా వచ్చేది. కాళిముత్తు మాస్టరు చేతిలోని స్టాప్‌వాచీ తీసుకుని, జననితో పాటు గడ్డి మీద అడ్డంగా పరిగెత్తుతూ అరిచేది.

"రెండో వంపులో చేతులు వదిలేస్తున్నావ్ జననీ! చేతులు! కాళ్ళు వాటంతట అవే వస్తాయి!"

మెట్ల మీద పుష్పవల్లి ఒక్కతే. మునియక్క రావడం మానేసింది, షిఫ్టు మార్చుకుందట. సంయుక్త నీళ్ళు తాగడానికి వచ్చి, "ఆంటీ, జనని ఈసారి అరవై ఒక్క సెకన్ల లోపల వస్తుంది చూడండి" అని నవ్వేది. పుష్పవల్లి సీసా అందించేది. ఆ పిల్ల చెయ్యి సీసా మీద పడేసరికి కళ్ళు వాటంతట అవే ఆ మణికట్టు దగ్గరికి పోయేవి.

తిరుచ్చిలో జరిగిన రాష్ట్ర పోటీలో జననికి మూడో స్థానం, కాంస్య పతకం. ఆ స్కూలుకి పరుగు పందెంలో రాష్ట్ర పతకం రావడం పన్నెండేళ్ళలో అదే మొదలు. మేరీ మాత గుహ ముందు జరిగే పొద్దుటి ప్రార్థన అయ్యాక సిస్టర్ ఆరోగ్య మేరీ ఆ నెల విశేషాలు మైకులో చదివింది. చదరంగంలో ఎనిమిదో తరగతి పిల్ల గెలిచింది, బ్యాండు వాళ్ళకి రెండో బహుమతి, మురుగునీటి శుద్ధి మీద తొమ్మిదో తరగతి వాళ్ళు చేసిన నమూనా జిల్లా ప్రదర్శనకి వెళ్ళింది, జనని రాష్ట్ర పతకం. పన్నెండువందల మంది చప్పట్లు కొట్టారు. గేటు పక్కన బోర్డు మీద జనని ఫోటో పెట్టారు. అంగడికి వెళ్తూ పుష్పవల్లి రోజూ ఆ బోర్డు దాటాలి. రెండు వారాలు వెనక వీధిలోంచి చుట్టు తిరిగి వెళ్ళింది.

ఫిబ్రవరి మొదటి వారంలో సన్మాన సభ పెట్టారు. గెలిచిన పిల్లల తల్లులే వేదిక మీదికొచ్చి వాళ్ళ మెడలో పతకం వెయ్యాలి. దాంతో పాటు స్కూలు పత్రిక కోసం ఒక్కో తల్లీ నాలుగు వాక్యాలు రాసివ్వాలి, 'నా బిడ్డ విజయం వెనక' అని. జనని ఆ కాగితం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది. నాలుగు రోజులు అది అక్కడే ఉంది. ఐదో రోజు పుష్పవల్లి దాన్ని మడిచి పర్సులో పెట్టుకుని సిస్టర్ గదికి వెళ్ళింది.

సిస్టర్ ఆరోగ్య మేరీది తూత్తుకుడి. అరవై దాటాయి. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి ఏదో సంతకం పెడుతోంది. పుష్పవల్లి కాగితం బల్ల మీద పెట్టి, "ఇది నేను రాయలేను సిస్టర్" అని మొదలుపెట్టి, నిమ్మరసం బండి నించి లోటాలో కాఫీ దాకా అన్నీ చెప్పింది. సిస్టర్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"నువ్వు చెప్పింది నిజమే కదమ్మా" అంది చివరికి. "ఆ పిల్లకి వయసు మించింది. నాకు తెలిసుంటే నేనే ఆపేదాన్ని. ఇంకో పిల్లకి అన్యాయం జరగకూడదు కదా."

పుష్పవల్లికి ఊపిరి తేలికైంది. ఒక్క క్షణమే.

"అయితే నా దగ్గరికి ఎందుకొచ్చావు?"

పుష్పవల్లి బల్ల మీది కాగితం మడత సరిచేసింది.

"నీ బిడ్డే మొదట ఉండుంటే నువ్వు రూలు గురించి మాట్లాడేదానివా? అది నాకు చెప్పక్కర్లేదు." సిస్టర్ కళ్ళద్దాలు తీసింది. "మా వాళ్ళయితే చర్చిలోకెళ్ళి ఫాదర్‌తో చెప్పుకుంటారు. అయినా అప్పుడు కూడా ఫాదర్ వాళ్ళతో అనేది ఒకటే. ఎవరికి నష్టం చేశావో వాళ్ళ దగ్గరికి పో, అని. ఆ కమలాంబ అనే ఆమె ఎవరో నాకు తెలీదు. ఆమె చెయ్యని తప్పుకి ఇప్పటికి ఎన్ని నెలలుగా గడప బయట ఉందమ్మా?"

శనివారం పొద్దున పుష్పవల్లి మనలి బస్సెక్కింది. గంటంబావు ప్రయాణం. ఫ్యాక్టరీలు దగ్గర పడేకొద్దీ కిటికీలోంచి ఘాటు వాసన, గొట్టాల మీద పగటిపూట కూడా వెలుగుతున్న మంట. ఈ దారినే కదా ఆ పిల్ల రోజూ వచ్చింది, అనుకుంది.

మునియక్క వాకిట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. సంయుక్త దండెం మీద యూనిఫాం ఆరేస్తోంది. "ఏంది పుష్పమ్మా, ఇంత దూరం!" అని మునియక్క ముఖం విప్పారింది. చాప తేబోయింది.

"వద్దక్కా. నిలబడే చెప్తాను. ఆనందన్‌కి చెప్పింది కమలాంబ కాదు. నేను."

మునియక్క చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది. దండెం దగ్గర సంయుక్త కదలడం మానేసింది.

"జనని మూడో స్థానంలో ఉంది. నాకు ఓర్వలేనితనం వచ్చింది. ఆయన అడిగాడు, నేను చెప్పాను. ఆస్పత్రి పేరు కూడా నేనే చెప్పాను. నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు."

మునియక్క చేట పక్కకి పెట్టి, చెంబులో నీళ్ళతో చేతులు కడుక్కుంది.

"ఏ బాసలో చెప్పినావు?" అని అడిగింది.

"అరవంలో."

"నేను నీకు తెలుగులో కదా చెప్పినా."

పుష్పవల్లికి ఏడుపు ముంచుకొచ్చింది. మునియక్క ఆమెకేసి చూడలేదు. చెప్పులు వేసుకుంది. "రా" అంది. "నాకు చెప్పింది సరిపోదు. ఆడకొచ్చి దానికి చెప్పు."

రెండు వీధుల అవతల కమలాంబ ఇల్లు. ఆమె ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. ముందు గదిలో గ్రైండరు తిరుగుతోంది. మునియక్కని గుమ్మంలో చూడగానే ఆమె చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. మునియక్క గడప ఎక్కలేదు. పుష్పవల్లిని ముందుకు తోసింది.

రెండోసారి చెప్పడం మొదటిదానికంటే కష్టమైంది. గ్రైండరు చప్పుడులో గొంతు పెంచాల్సి వచ్చింది. కమలాంబ మధ్యలో స్విచ్చి కట్టేసింది. మిగతాదంతా నిశ్శబ్దంలో చెప్పాల్సి వచ్చింది.

కమలాంబ విన్నాక పుష్పవల్లిని కాసేపు చూసింది. కోపంగా కాదు. ఏదో అడ్రసు అడగను వచ్చిన మనిషిని చూసినట్టు.

"నిన్ను నేనెరగనమ్మా" అంది. "నువ్వు ఏమైనా చేసుండొచ్చు. ఇదిగో, ఇది నన్నెరుగును." ఆమె మునియక్క వైపు తిరిగింది. "ఇరవై ఏండ్లుగా ఎరుగును. నీ బిడ్డ నా ఒళ్ళో పెరిగింది. నేను చేసుంటానని నువ్వెట్ట నమ్మినావే?"

మునియక్క నోరు తెరిచింది. కమలాంబ మళ్ళీ గ్రైండరు వేసింది.

పుష్పవల్లి అనుకున్నది వేరు. నిజం చెప్పేస్తే కనీసం వీళ్ళిద్దరూ కలుస్తారు, అంత పుణ్యమైనా దక్కుతుంది అనుకుంది. వీధిలోకి వచ్చాక మునియక్క కొంత దూరం ఆమెతో నడిచింది. మలుపులో ఆగి, చెయ్యి చాపి, "బస్సు అటువైపు నిలబడుతుందండీ" అంది. అరవంలో, ముక్కు మొహం తెలియని వాళ్ళతో మాట్లాడే మర్యాదతో. ఆ తర్వాత కూడా ఆమె పుష్పవల్లితో తెలుగు మాట్లాడలేదు.

ఆ సాయంత్రం జననికి చెప్పింది. జనని వింటూ వింటూ లేచి నిలబడింది. "అమ్మా, సంయు నాకోసం చేతులు ఊపమని అరుస్తా పక్కన పరిగెత్తింది. ఉనక్కు తెరియుం కదా, నీకు తెలుసు కదా? నువ్వు అక్కడే కూర్చున్నావ్ కదా?" అంది. సన్మానానికి పోనని, పతకం వెనక్కి ఇచ్చేస్తానని అంది. మర్నాడు ఆ మాటే కాళిముత్తు మాస్టరుతో అనబోతే సంయుక్త ఆపిందట. "నువ్వు ఇచ్చేస్తే అది నాకేం వస్తుంది? పరిగెత్తింది నువ్వే కదా" అందట. మాస్టరు కూడా ఆ మాటే అన్నాడు.

జనని సభకి వెళ్ళింది. పేరు పిలిచినప్పుడు వేదిక ఎక్కి, సిస్టర్‌తో ఏదో మెల్లిగా చెప్పింది. సిస్టర్ తల ఊపి కాళిముత్తు మాస్టరుని పిలిచింది. పతకం ఆయన వేశాడు. పుష్పవల్లి చివరి వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. పక్కన తిరువేంగడం, "నిన్ను పిలవలేదేం?" అని అడిగాడు. "తర్వాత చెప్తాను" అంది. అతనికి అదే రాత్రి అంతా చెప్పింది. మర్నాడు అంగడి తెరవడం ఆలస్యమైంది, అంతే.

మార్చిలో సంయుక్త పుట్టిన తేదీ సరిచేయించే పని మొదలైంది. సరైన తేదీతో కాగితం ఉంటే, శిక్ష గడువు ముగిశాక ఆ పిల్ల పందొమ్మిదేళ్ళ లోపు విభాగంలో పరిగెత్తవచ్చు. దానికి గుమ్మిడిపూండి ఆస్పత్రి పాత రికార్డు నకలు కావాలి. కాళిముత్తు మాస్టరుకి తీరిక లేదు, మునియక్కకి సెలవు లేదు. "నేను వెళ్తాను సార్" అంది పుష్పవల్లి. మునియక్క ఒప్పుకుంటుందో లేదోనని మాస్టరు ఫోన్లో అడిగాడు. "కాగితం వస్తే చాలు, ఎవరు తెస్తేనేం" అందట ఆమె. పుష్పవల్లి నాలుగుసార్లు వెళ్ళింది. బూజు పట్టిన రిజిస్టర్లు తిరగేయించి, రెండుసార్లు వట్టి చేతులతో తిరిగొచ్చి, చివరికి నకలు తెచ్చి మాస్టరు చేతిలో పెట్టింది. దాన్ని చూసి ఎవరూ ఆమెకు థాంక్స్ చెప్పలేదు. చెప్పాలని ఆమె కూడా అనుకోలేదు.

కమలాంబ ఇప్పటికీ మునియక్క ఇంటికి పోవడం లేదట. సంయుక్త మాత్రం రెండిళ్ళకీ తిరుగుతోందని జనని ఒకసారి తండ్రితో చెబుతుంటే వింది.

జనని తల్లితో అవసరానికి మించి మాట్లాడక రెండు నెలలైంది. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, పరీక్షలయ్యాక, కంచం ముందు కూర్చుని హఠాత్తుగా అడిగింది.

"నేను ముందుండి, సంయు వెనకాల ఉండుంటే, ఆ మాట చెప్పేదానివా అమ్మా?"

పుష్పవల్లి గరిటె పట్టుకుని నిలబడింది. ఇది సిస్టర్ అడిగిన ప్రశ్నే, ఆ రోజు జవాబు చెప్పక్కర్లేకపోయింది. రూలు గురించి చెప్పొచ్చు. కోచ్ అడిగిన తీరు గురించి చెప్పొచ్చు.

"చెప్పేదాన్ని కాదు" అంది.

జనని ఆమె మొహంలోకి చూసింది, నిజమో కాదో చూస్తున్నట్టు. తర్వాత తల వంచి అన్నం కలుపుకుంది.

"కొంచెం మజ్జిగ పొయ్యి" అంది.